వాగు దాటించింది ఆవిడ కాదు

మొన్న ఆదివారం గరాజ్ తలుపు తీయగానే తోలు బూట్లకు పట్టించే మైనం వాసన గుప్పున తగిలింది. సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయి మేఘన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాత గుడ్డముక్కతో తన బూట్లకు మైనం రుద్దుతోంది. కుట్ల దగ్గర వేలితో అదిమి అదిమి రాస్తోంది. అలా రాయడం దానికి నేను నేర్పలేదు, వాళ్ళమ్మా నేర్పలేదు. నేర్పిన మనిషి రాజ్యలక్ష్మి గారు. మేముండే ఆల్ఫారెట్టా ఊళ్ళో ఆవిడ పేరు ఇంకా గుర్తున్న కొద్దిమంది కూడా ఒక్క సంగతితోనే గుర్తు పెట్టుకున్నారు: పిల్లల్ని వాగులోకి దింపి ఒకడి చెయ్యి విరగ్గొట్టించిన పెద్దావిడ అని. అది అబద్ధం. ఆ రోజు పిల్లల్ని వాగు దాటించింది ఆవిడ కాదు, నేను. పుష్కరకాలంగా ఈ మాట నా నోట రాలేదు.

ఇప్పుడు రావడానికి కారణం మా తెలుగు సంఘం వాళ్ళు ఈ వసంతంలో పంపిన ప్రకటన. ఇంగ్లండ్ పల్లెల పద్ధతిలో కుటుంబమంతా కలిసి నడిచే కార్యక్రమం మొదలుపెడుతున్నారట. అందరికంటే చిన్నపిల్లలు ముందు నడవాలట, దారి చీలిన చోట చివరి మనిషి వచ్చేదాకా అందరూ ఆగాలట, తీసిన గేటు మళ్ళీ వేసి కదలాలట. ప్రతి మాటా రాజ్యలక్ష్మి గారిదే. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. అడుగున సన్న అక్షరాలతో, గతంలో ఒక పెద్దావిడ అజాగ్రత్త వల్ల ఆగిపోయిన కార్యక్రమాన్ని ఇప్పుడు సురక్షితంగా నిర్వహిస్తున్నామని రాశారు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. కోపం తెచ్చుకునే అర్హత నాకుందా అని తర్వాత తోచింది. లేదు. అయినా కోపం పోలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

రాజ్యలక్ష్మి గారిది కాకినాడ. నర్సింగు చదివి, పెళ్ళయ్యాక ఇంగ్లండ్ వెళ్ళి, డెర్బీషైర్ కొండల నడుమ ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగమంతా చేశారు, అదీ పిల్లల వార్డులో. భర్త పోయి, తనూ రిటైరయ్యాక కొడుకు కిరణ్ దగ్గరికి వచ్చారు. కిరణ్ వాళ్ళిల్లు మాకు రెండిళ్ళ అవతల. నేను ఆవిణ్ణి మొదటిసారి చూసినప్పుడు జోరుగా వాన పడుతోంది. రెయిన్‌కోటు టోపీ తలమీదికి లాక్కుని, మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో, రోడ్డు పక్కన తాపీగా నడిచి వస్తున్నారు. కారాపి అద్దం దించాను.

"ఎక్కండి ఆంటీ, తడిసిపోతున్నారు."

"తడిస్తే ఆరతాం కదయ్యా. నువ్వెక్కడికి?"

"మెయిల్‌బాక్స్ దాకా."

మా వీధి చివర అందరి ఉత్తరాలూ పడే డబ్బాలుంటాయి. మా ఇంటి గుమ్మంలో నిలబడితే కనిపిస్తాయి. ఆవిడ ఆ డబ్బాల వైపు చూశారు, నా కారు వైపు చూశారు. "పెట్రోలు కొట్టించుకున్నావా మరి, దూరం కదా" అన్నారు. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది. మర్నాడు శనివారం మేఘనని తీసుకుని ఆవిడ వెంట నడవడానికి వెళ్ళాను. తర్వాత రెండేళ్ళ పాటు, ఊళ్ళో ఉన్న ఏ శనివారమూ మానలేదు.

మొదట మా మేఘన, కిరణ్ కూతురు ఆద్య. తర్వాత వీధిలో పిల్లలు, వాళ్ళ స్నేహితులు. మా ఇళ్ళ వెనక పైన్ చెట్ల మధ్య వాగు పక్కనే పోయే కాలిబాట ఒకటుంది. అది ఉందన్న సంగతే మాలో చాలామందికి తెలియదు. అందరికంటే చిన్నది ఆద్య, నాలుగేళ్ళది. అది ముందు, దాని వెనక ఆవిడ, తర్వాత మిగతా పిల్లలు, చివర్లో నేను. ఆద్య గొంగళిపురుగు దగ్గర ఆగితే అందరం ఆగేవాళ్ళం. పిల్లలు ముందుకు ఉరకబోతే ఆవిడ గొంతు పెంచేవారు కాదు, తనే ఆగిపోయేవారు. ఎందుకాగారా అని వాళ్ళే వెనక్కి వచ్చేవాళ్ళు.

నడుస్తూ ఇంగ్లండ్ కబుర్లు చెప్పేవారు. అక్కడ పాత రైలు పట్టాలు తీసేసి చదును చేసిన దారులుంటాయట. స్ట్రోలర్‌లో పసిపిల్లని తోసుకుంటూ తల్లీ, కర్ర పట్టుకుని తాతా పక్కపక్కనే పోవచ్చట. అవి సరే. నా మనసులో నాటుకున్నది ఇంకొకటి. ఆవిడ కొత్తగా వెళ్ళినప్పుడు ఒక ఆదివారం తోటి నర్సు నడకకు తీసుకెళ్ళిందట.

"అదేవో గోడెక్కేసింది మధూ. రాతిగోడలోంచి మెట్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఎక్కి అటు దిగడానికి. అవతల ఎవరిదో పొలం, గొర్రెలు మేస్తన్నాయి. నేను ఇటే నించుండిపోయేను. ఎవరైనా చూస్తే తంతారే, వచ్చెయ్యి అన్నాను. పొలం ఆయనదే, దారి మాత్రం అందరిదీ, అంది. ఇంతలో ఆ రైతే ఎదురొచ్చేడు. నా గుండె జారిపోయింది."

"తిట్టాడా?"

"వానొచ్చేలా ఉంది, కింద గేటు గట్టిగా వెయ్యండి, గొర్రెలు పోతాయి అన్నాడు. అంతే. ఎక్కణ్ణించొచ్చేవు, ఎన్నాళ్ళుంటావు అని అడగలేదయ్యా. ఆ దేశం వెళ్ళేక ఆ రోజే నాకు ఊపిరాడినట్టయింది."

ఇది ఆవిడకు మామూలు కబురు. నాకు కాదు. అప్పటికి నేను హెచ్‌వన్ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం పోతే దేశం వదలాలి. ఆఫీస్‌లో ఎవరైనా "ఒక నిమిషం మాట్లాడాలి" అంటే, ఉద్యోగం పోయిందనే అనుకునేవాణ్ణి. ఇల్లు కొన్నాను కానీ పెరట్లో మొక్క పెట్టాలంటే, ఎన్నాళ్ళుంటామో అనిపించేది. పాదం మోపే ప్రతి చోటూ ఎవరో దయతలచి ఇచ్చినట్టు ఉండేది. అడగకుండా నడవొచ్చు, నడిచే పద్ధతి తెలిస్తే చాలు, అని నాకు చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఇంట్లో నా నడక మారిందని సుజాత అంది. మా ఆవిడ ఊరికే పొగిడే మనిషి కాదు.

మంచిది కనబడితే దాన్ని మనవాళ్ళు ఊరికే ఉండనిస్తారా. పిల్లల సంఖ్య పెరిగేసరికి శ్రీధర్ గారు రంగంలోకి దిగారు. ఆయన సంఘంలో పెద్ద, మా కంపెనీలో డైరెక్టరు, నా పై మేనేజరుకి పై మేనేజరు. కొడుకు రోహన్ మాతో నడిచేవాడు, ఐదో తరగతి. ఒక శనివారం ఆయన పార్కింగ్ లాట్‌లో ఆవిణ్ణి ఆపారు.

"ఆంటీ, దీన్ని ప్రోగ్రామ్‌లా స్ట్రక్చర్ చేద్దాం. టీ షర్టులు, సర్టిఫికెట్లు, స్టెప్స్‌కి లీడర్‌బోర్డు. రేపు కాలేజ్ అప్లికేషన్స్‌లో పనికొస్తుంది."

"నడిచినందుకు సర్టిఫికెట్టా బాబూ? అయితే భోంచేసినందుకు కూడా ఇవ్వాలి."

"అది కాదాంటీ. మావాడు ఫాస్ట్. వాణ్ణి తీసుకెళ్ళి ఆ చిన్నపిల్ల వెనకాల నడిపిస్తున్నారు. వాడికి లీడర్‌షిప్ ఎలా వస్తుంది?"

"ముందు నడిచేవాడికి దారొక్కటే కనిపిస్తుంది. వెనకాల నడిచేవాడికి మనుషులందరూ కనిపిస్తారు. నీకు ఎలాంటి లీడర్ కావాలో చూసుకో మరి."

అందరం నవ్వాం. నేను మాత్రం శ్రీధర్ గారి వంక చూసి నవ్వు సగంలో ఆపేశాను. అలా నవ్వు ఆపుకోవడం నాకప్పటికే అలవాటు.

ఆకులు రాలే రోజుల్లో ఒక శనివారం. ఆద్య, మేఘన, ఆవిడ ముందున్నారు. వెనక నేను, రోహన్, ఇంకో ఇద్దరు పెద్దపిల్లలు. మా నడక సగం కాకుండానే నా ఫోన్ మోగింది. రాత్రి పెట్టిన సాఫ్ట్‌వేర్ రిలీజ్ దెబ్బతింది, వెంటనే లాగిన్ అవ్వాలి. శ్రీధర్ గారి టీమ్ నుంచే కాల్. లాప్‌టాప్ కార్లో ఉంది. దారి వంపు తిరిగి చాలా దూరం పోయి పార్కింగ్ లాట్‌కి చేరుతుంది, కానీ వాగుకి అవతల నా కారు కనిపిస్తూనే ఉంది. వాగు మీద ఒక పైన్ మాను అడ్డంగా పడి ఉంది. "ఇలా పోదాం పదండి, త్వరగా" అన్నాను. రోహన్ ఆగాడు. "ఆంటీ సెడ్ వెయిట్ అట్ ద టర్న్, అంకుల్" అన్నాడు. "పర్లేదు, నేను చెప్తాలే" అన్నాను. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మాను దాటాను. నా వెనక వచ్చిన రోహన్ నాచు మీద కాలు జారి రాళ్ళ మీద పడ్డాడు.

మలుపు దగ్గర మా కోసం ఆగిన ఆవిడ మేము రాకపోయేసరికి చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వెనక్కి వచ్చారు. మానునీ, నన్నూ, నా చేతిలో ఫోన్‌నీ చూశారు. నన్నొక్క మాట అడగలేదు. నీళ్ళలోకి దిగి, "వేళ్ళు కదుపు నాన్నా, ఏదీ, బొటనవేలు" అంటూ రోహన్‌తో మాట్లాడుతూనే మ్యాపు మడిచి విరిగిన చేతికి ఆనించి, తన స్కార్ఫ్‌తో కట్టు కట్టారు. వాడు ఏడుపు ఆపి ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాడు.

కబురందుకుని శ్రీధర్ గారు పార్కింగ్ లాట్‌కి వచ్చేసరికి ఆవిడ పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆయన వాణ్ణి లాక్కున్నంత పని చేశారు. "వాట్ ఈజ్ దిస్ ఆంటీ? మిమ్మల్ని నమ్మి పంపిస్తే క్రీక్‌లోకి దింపుతారా?" తర్వాత నావైపు తిరిగారు. "మధూ, వీడేంటి, నువ్వే షార్ట్‌కట్ తీసుకెళ్ళావంటున్నాడు?"

నా గ్రీన్‌కార్డు కాగితాలు కంపెనీ అప్పుడే వేయబోతోంది. వాటికి ఆయన ఒప్పుకోవాలి. వేయకపోతే ఆ ఏడాదితో నా వీసా గడువు తీరిపోతుంది. ఇది సాకని చెప్పడం లేదు. అప్పుడు నా బుర్రలో ఉన్నదేమిటో చెబుతున్నాను, అంతే.

"మేమంతా ఆంటీ వెనకాలే కదండీ నడిచేది" అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అందుకే అంత నీచమైన మాట నేను ఇంకెప్పుడూ అనలేదు. ఆవిడ నాలుగడుగుల దూరంలో ఉన్నారు. నా వైపు చూసి, నేను ఇంకేమైనా అంటానేమోనని ఆగారు. నేను కారు తాళాలు వెతుక్కున్నాను. "పిల్లల్ని తీసుకొచ్చింది నేను బాబూ. బాధ్యత నాదే" అన్నారు ఆవిడ శ్రీధర్ గారితో.

సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూప్ నిండిపోయింది. లయబిలిటీ అని ఒకరు, పర్మిషన్ ఎవరిచ్చారని ఇంకొకరు. "నాకెప్పుడూ డౌటే, ఆ వయసులో ప్యాంటేసుకుని అడవులెంట తిరగడమేంటి" అని ఒకావిడ రాసింది. ఆ మహాతల్లి రెండేళ్ళుగా ప్రతి శనివారం కవలపిల్లలిద్దర్నీ రాజ్యలక్ష్మి గారి దగ్గర దింపేసి ఐబ్రోస్ చేయించుకోవడానికి వెళ్ళేది. తీసుకెళ్ళినందుకు ఒక్కరోజు కూడా థాంక్స్ చెప్పలేదు. అందరికీ ఉచితంగా పిల్లల్ని చూసిపెట్టే మనిషి కావాలి, ఆ మనిషికి మర్యాద మాత్రం అక్కర్లేదు. గ్రూప్‌లో అంతమందిమి ఉన్నాం. ఆవిడ అలాంటి మనిషి కాదని ఒక్కరం రాయలేదు. వాళ్ళకు నిజం తెలియదు, నాకు తెలుసు. నేను ఫోన్ బోర్లా పెట్టి రిలీజ్ సరిచేసుకుంటూ కూర్చున్నాను.

కొన్నాళ్ళకు సుజాత ఒక మాట చెప్పింది. ఆద్యని ఒంటరిగా బయటికి తీసుకెళ్ళొద్దని కిరణ్ వాళ్ళమ్మతో అన్నాడట. పిల్లల వార్డులో జీవితం గడిపిన మనిషితో. అప్పుడైనా నేను రెండిళ్ళు నడిచి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. చలి తగ్గగానే ఆవిడ ఇంగ్లండ్‌లో తన ఇంటికి తిరుగు ప్రయాణమయ్యారు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చారు, మేఘనకి బూట్లూ మైనం డబ్బా ఇవ్వడానికి. నేను పైన గదిలో ఉన్నాను. ఆఫీస్ కాల్‌లో ఉన్నానని సుజాతతో చెప్పించాను. కింద ఆవిడ "పన్లో ఉన్నాడేవో, వద్దులే అమ్మా" అనడం వినిపించింది. ఆఫీస్ కాల్ ఏదీ లేదు. పరుపు మీద కూర్చుని గోడ చూస్తున్నాను.

తర్వాత నా కాగితాలు కదిలాయి. కిరణ్ ఉద్యోగం మారి డాలస్ వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాయి. అనుకోకుండా ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా, ఆవిడే ఒప్పుకుందిగా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఈ వసంతంలో ఆ ప్రకటన చూశాక శ్రీధర్ గారికి ఫోన్ చేశాను. ఆ రోజు జరిగింది చెప్పాను. ఆ వాక్యం తీసేసి ఆవిడ పేరు పెట్టమన్నాను. ఆయన, "తెలుసు మధూ. రోహన్ చెబుతూనే ఉండేవాడు" అన్నారు.

"తెలిసీ ఇలా రాశారా?"

"ఇప్పుడవన్నీ తవ్వి ఏం చేస్తాం చెప్పు. ఎక్కడో ఉంది ఆవిడ, ఇది చూస్తుందా ఏమన్నా. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. లీవిట్."

ఆయన దృష్టిలో ఆవిడకి పేరు లేకపోయినా పర్వాలేదు, ఆవిడ చూడదు కాబట్టి. ఇన్నాళ్ళూ నేను చేసిందీ అదేనని ఫోన్ పెట్టేశాక గానీ నా బుర్రకెక్కలేదు. మేఘనకి అంతా చెప్పాను. "ఆంటీ నంబర్ నా దగ్గర ఉంది. ఎవ్రీ బర్త్‌డేకి కాల్ చేస్తా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా నాన్నా" అంది. ఇన్నేళ్ళూ నా ఇంట్లోంచే ఆవిడకు ఫోన్ వెళ్తోందని నాకు తెలియదు.

ఈ జూన్‌లో మేమిద్దరం ఇంగ్లండ్ వెళ్ళాం. ఆవిడ ఊరి బయట పాత రైలు దారి మీద నడిపించారు. నిజంగానే స్ట్రోలర్లు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, మూడు చక్రాల సైకిళ్ళు తొక్కే పిల్లలు. కొంతదూరం పోయాక దారి వదిలి ఒక గడ్డిపొలంలోకి తిరిగాం. ఆవిడకి ఆయాసం వస్తే రాతిగోడకి ఆనుకుని నిలబడ్డారు. మేఘన కావాలనే ముందుకు వెళ్ళిపోయింది.

"ఆంటీ, ఆ రోజు తప్పు నాది. మీ మీదికి నెట్టేశాను. క్షమించండి" అన్నాను. అట్లాంటిక్ మీద ఎగురుతున్నంతసేపూ పెద్ద పెద్ద వాక్యాలు కూర్చుకున్నాను. నోటికొచ్చింది ఇంతే.

"తెలుసయ్యా. అక్కడే ఉన్నాను కదా నేను."

"మీరెందుకు చెప్పలేదండీ?"

ఆవిడ గొంతులో కోపం నేను వినడం అదే మొదటిసారి. "నేనెందుకు చెప్పాలి? బాధ్యత నాదన్నాను. నిజవే, తీసుకొచ్చింది నేను. అబద్ధం మాత్రం నీది. రెండూ ఒకటే అనుకున్నావా? భయపడ్డావు, కాయితాలొచ్చేక చెప్తావులే అని ఎదురుచూసేను. వచ్చేయా కాయితాలు?"

"వచ్చాయండీ. చాలా ఏళ్ళయింది."

"ఊఁ" అన్నారు. గొర్రెలు మా వైపు చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. "ఊరంతా ఏవనుకుంటే నాకేం మధూ. కిరణ్ నమ్మేడు. నా కొడుకు. ఆద్య పెద్దదైపోయింది, దానితో నడవాల్సిన ఏళ్ళన్నీ అలా పోయేయి. వాడికిప్పుడు చిన్నబ్బాయున్నాడు, ఐదేళ్ళు. వచ్చే వారం అందరూ ఇక్కడికొస్తన్నారు. 'అమ్మా, వాణ్ణి ఒక్కణ్ణీ తీసుకుని బయటికెళ్ళకు' అని నిన్ననే మెసేజ్ పెట్టేడు. నాతో చెప్పి ఏం లాభం? వాడితో చెప్పు."

"వెళ్ళగానే ఫోన్ చేస్తానండీ."

"ఇక్కడ సిగ్నలుంది."

డాలస్‌లో అప్పుడు తెల్లవారుతోంది. రెండో రింగుకే కిరణ్ ఎత్తాడు, అమ్మకేమైనా అయిందా అని. ఏమీ కాలేదని చెప్పి, ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"కిరణ్, నేను చెప్పేది పూర్తిగా విను. ఆ రోజు రోహన్‌ని వాగు దాటించింది నేను. ఆఫీస్ కాల్ వచ్చి తొందరపడ్డాను. వాడు వద్దన్నాడు కూడా. మీ అమ్మగారు ఆద్య చెయ్యి పట్టుకుని మలుపు దగ్గర మా కోసం ఆగి ఉన్నారు. శ్రీధర్ గారు అడిగితే నా ఉద్యోగం కోసం మీ అమ్మగారి పేరు వాడుకున్నాను. నువ్వు నమ్మావు. అందులో నీ తప్పు లేదు, నమ్మేలా మాట్లాడింది నేను. మీ పిల్లల్ని ఆవిడకి దూరం చేసింది నేను. నన్ను క్షమించు."

"అమ్మ పక్కనే ఉందా?" అన్నాడు.

ఫోన్ ఆవిడ చేతికిచ్చాను.